నా చావు చదివినవాడికి ఇల్లు

సినిమాల్లో నావన్నీ తండ్రి వేషాలు. ఇంటర్వెల్ లోపే చచ్చిపోతాను. అందుకేనేమో, ఒక యూట్యూబ్ ఛానల్ యాంకర్ ఓ రోజు నా ఫొటోకు దండ వేసి, ‘ప్రముఖ నటుడు ఇక లేరు’ అని వీడియోలో కన్నీళ్లు పెట్టుకున్నాడు. నన్ను ప్రముఖుణ్ణి చేయాలంటే చంపక తప్పలేదు పాపం. చేతిలో ఉన్న ఒక్క వేషం మాత్రం వేరొకరికి వెళ్లిపోయింది. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే, "బతికే ఉన్నరు గదా సార్, ఇంక కేసేంది?" అన్నారు.

కొన్ని నెలలకు ఆ యాంకరే శ్రీనగర్ కాలనీలోని మా ఇంటి పై పోర్షన్ కిరాయికి కావాలంటూ వచ్చాడు. తలుపు తీసిన నన్ను చూసి తెల్లబోయాడు.

"అంకుల్... మీరు..."

"నేనే. ఆ వీడియో ఇంకా ఉంది కదా నాయనా?"

"వ్యూస్ మస్తు వస్తున్నయ్ అంకుల్, గందుకే ఉంచిన. ఇప్పుడే తీసేస్త."

గుమ్మంలోనే నిలబెట్టి తీయించాను. పని అయిపోయిందనుకుని చెప్పులు విడవబోయాడు.

"ఆగు. ఇంటాయన పోయాడని లోకానికి చెప్పింది నువ్వే కదా? చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పాలు పొంగించరు."

"జర మాఫ్ చెయ్యండి అంకుల్, ఎక్కడా ఇల్లు దొరుకుతలేదు!"

తలుపు వేసేశాను. చాలాకాలానికి నాకు ప్రాణం లేచివచ్చింది.