ఎడమచేతి అక్షరాలు

తొంభైల మధ్యలో నేను వనపర్తిలో ఒక డీటీపీ సెంటర్‌లో పనిచేశాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు కంపోజ్ చేసేవాళ్లం. ఉన్నవి రెండు కంప్యూటర్లు. ఒకదాని ముందు నేను, రెండోదాని ముందు నాకంటే ఐదారేళ్లు పెద్దదైన ఒకామె. అక్కా అని పిలిచేదాన్ని. ఆమెది తెలకపల్లి దగ్గర ఊరు. కుడిచెయ్యి మణికట్టు దాకే ఉండేది. ఎలా పోయిందో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

ఎడమచేత్తోనే టైపు చేసేది. మేము వాడే తెలుగు సాఫ్ట్‌వేర్‌లో ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో మనమే మార్చుకునే వీలుంది. తరచూ వచ్చే అక్షరాలను ఆమె ఒక్కొక్కటిగా ఎడమవైపుకు తెచ్చుకుంది. వేలు ఎక్కడ తడబడితే అక్కడ ఒక మీట మార్చేది, దానికి అలవాటు పడేది, ఆ తర్వాతే ఇంకోటి. ఏడాది పైనే పట్టింది. చివరికి నాతో సమానంగా కొట్టేది. ఆ కంప్యూటర్ మీద ఇంకెవరు కూర్చున్నా ఒక్క మాట సరిగా వచ్చేది కాదు.

ఒక ఎండాకాలం, సరిగ్గా పెళ్లిళ్ల ముమ్మరంలో, అది ఆన్ కాలేదు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన మెకానిక్ హార్డ్‌డిస్కు మొత్తం చెరిపి అన్నీ కొత్తగా ఎక్కించాడు. పత్రికలన్నీ ఫ్లాపీల్లో ఉన్నాయి కాబట్టి మా ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు. అక్క కూర్చుని ఒక లైను కొట్టింది. తెర మీద అర్థంలేని అక్షరాలు వచ్చాయి. చెరిపి మళ్లీ కొట్టింది. మళ్లీ అవే. పత్రికలు దాచుకున్నాం గాని, ఆమె మీటల అమరికను కూడా దాచాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఏ మీట మీద ఏ అక్షరముండేదో చెబితే మళ్లీ పెట్టుకుందామన్నాను. ఆమె మీటల వైపు చాలాసేపు చూసింది.

"నా చేతికి తెల్సు చెల్లె. నాకు తెల్వదు."

మీటలు మళ్లీ కుదిరేదాకా వచ్చేపోయేవాళ్లను చూసుకొమ్మని ఓనరు మెల్లగానే చెప్పాడు. ఆమె సరేనని బల్ల దగ్గర కూర్చుంది. వచ్చినవాళ్లు ఆమె కుడిచేతి వైపు చూడటం నేను అప్పుడే గమనించాను. కంప్యూటర్ ముందు ఉన్నన్నాళ్లూ ఎవరూ చూసేవారు కాదు.

మర్నాడు మధ్యాహ్నం జనం లేనప్పుడు ఆమెను మళ్లీ కూర్చోబెట్టాను. నేను ఒక పెళ్లిపత్రిక చదువుతుంటే కొట్టమన్నాను. ఆలోచించగానే వేళ్లు ఆగిపోయేవి. చివరికి, మీటల వైపు చూడకుండా ఏదైనా నాతో చెప్పమన్నాను, చెప్పేదే కొట్టమన్నాను. చూపు గోడ వైపు తిప్పుకుంది. తర్వాత మొదలుపెట్టింది.

"మా అమ్మ పల్లికాయ కొట్టే మిషన్ కాడ కూలికి పోతుండె. ఆ దినం నేను గూడ పోయిన. ఓణీ కొస బెల్టుల పడ్డది. తియ్యవోయిన. గంతే."

చెయ్యి ఆగలేదు. దవాఖానలో ఉన్న రోజులు చెప్పింది. బడికి తిరిగి వెళ్లి ఎడమచేత్తో అ ఆలు దిద్దుకోవడం చెప్పింది. ఆ తర్వాత వాళ్లమ్మ తనకు అన్నం కలిపి పెట్టబోతే వద్దని గిన్నె తోసేసిన సంగతి చెప్పింది. ఆమె పలికే ప్రతి అక్షరానికీ వేలు ఏ మీట మీద పడుతుందో నేను పెన్సిల్‌తో రాసుకుంటున్నాను. తలెత్తి ఆమె ముఖం చూడాలనిపించింది. చూస్తే మీట తప్పిపోతుంది. ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాను.

చెప్పడం అయిపోయేసరికి తెర నిండా అర్థంలేని అక్షరాలు. ఆమె వాటిని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎవ్వరికి చదవరాదు. మంచిదే," అని చెరిపేసింది.

రాసుకున్నదాన్ని బట్టి మీటలన్నీ మార్చాం. ఆ మాటల్లో రాని అక్షరాలు కొన్ని మిగిలితే, వాటికి కొత్తగా చోటు చూసుకుంది. సాయంత్రానికి ఒక పత్రిక పూర్తి చేసింది.

తర్వాత ఆ మెకానిక్ ప్రింటర్ బాగుచేయడానికి వచ్చినప్పుడు అడిగితే, ఆ అమరికంతా సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లోనే ఒక చిన్న ఫైలులో ఉంటుందని చూపించాడు. రెండు ఫ్లాపీల్లోకి ఎక్కించాం. ఒకటి షాపులో పెట్టాం, రెండోది ఆమె ఇంటికి తీసుకుపోయింది. ఒక్క మీట మార్చినా మళ్లీ రెండిట్లోకీ ఎక్కించేది.

కొంతకాలానికి ఆమెకు నాగర్‌కర్నూల్‌లో పని దొరికింది. అక్కడా అదే సాఫ్ట్‌వేర్ కావడంతో ఫ్లాపీ పెట్టి మొదటిరోజే పని మొదలుపెట్టిందని విన్నాను. నాకు పెళ్లయి గద్వాల వచ్చేశాను. ఒకసారి నాగర్‌కర్నూల్ బస్టాండులో కనబడింది. షాపులో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందని, అది తన ఫైలును తీసుకోలేదని చెప్పింది. నాకు కబురు పంపవలసింది కదా అన్నాను.

"పంపుదామనుకున్న. మల్ల నేనే ఒక్కొక్కటి పెట్టుకున్న."

కష్టమైందా అని అడిగాను. గద్వాల బస్సు వచ్చింది. నేను ఎక్కాక కిటికీలోంచి నా సంచి అందించింది.

"ఇప్పటికి గూడ అప్పుడప్పుడు వేలు పాత మీట మీదికే పోతది," అంది.

బస్సు కదిలింది. ఆమె ఎడమచెయ్యి ఎత్తి, ఇక వెళ్లమన్నట్టు ఊపింది.