అక్కా నేనూ నేసిన వంకర జంపఖానా

నా చిన్నప్పుడు, ఇంకా తొమ్మిదేళ్లు నిండకముందే, పన్నెండడుగుల జంపఖానాను నేనొక్కణ్ణే నేసి మగ్గం మీది నుంచి దింపాను. వరంగల్‌లో మా వాడ వాడంతా వచ్చి చూసిపోయింది. ఈ మాట మా కవల పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. నమ్మే వయసులో వాళ్లు నమ్మారు కూడా.

అసలు సంగతి తెలియాలంటే ముందు నా పగ గురించి చెప్పాలి. అది మా అక్క మీద. నాకంటే ఏడాదిన్నర పెద్దది. ఆమె కొత్త ఎర్ర రిబ్బను నా గాలిపటానికి తోకై పైకి పోయి, కరెంటు తీగకు చిక్కుకుని అక్కడే ఉండిపోయింది. అందుకు ఆమె ఏడవలేదు, బాపుతో చెప్పనూ లేదు. నా గోలీల సంచి పట్టుకుని చేదబావి గట్టు మీద కూర్చుంది. నన్ను పిలిచి ఎదురుగా నిలబెట్టి, గోలీలను ఒక్కొక్కటిగా నీళ్లలో వేసింది. ఒకదాని చప్పుడు పూర్తిగా వినబడేదాకా ఆగి, అప్పుడు మరొకటి తీసేది. ఆ ఓపికను నేను ఇప్పటికీ క్షమించలేదు.

డెబ్భైల మొదట్లో మా ఇల్లు గడిచేది జంపఖానాల మీదనే. అవి వెడల్పు కాబట్టి మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు పోగును సగం దాకా అందిస్తే, రెండోవారు అందుకుని ఆ చివరకు లాగుతారు. ఆ తర్వాత ఎవరి ముందున్న సగాన్ని వాళ్లు ఇనుప పళ్ల పంజాతో కొట్టి బిగిస్తారు. ఇద్దరి దెబ్బా ఒక్కలాగే పడాలి. మా ఇంట్లో ఆ ఇద్దరూ తాతయ్య, బాపు. ఆ వానాకాలం బాపు జ్వరంతో మంచాన పడ్డాడు. మగ్గం మీద ఇంకా జానెడు నేత మిగిలి ఉంది. సరిగ్గా అప్పుడే ధర్మసాగర్ చెరువు నిండి మత్తడి దుంకుతోందని తెలిసింది. నీళ్లు అలా పొర్లి దూకడం ఎప్పుడో గాని జరగదు. జరిగినా రెండు మూడు రోజులే.

తాతయ్య మమ్మల్నిద్దరినీ మగ్గం ముందు కూర్చోబెట్టాడు. "పొద్దుగూకెవరకు ఈ జానెడు నేసిన్రనుకో, రేపు సైకిల్ మీద మత్తడికి తీస్కపోత. లేకుంటే రేపు నేనే కూసొని నెయ్యాలె" అని బయటికి పోయాడు.

బుద్ధి ఉన్నవాడెవడైనా బుద్ధిగా నేసేవాడు. నాకేమో బావిలో గోలీల చప్పుడు వినిపిస్తోంది. నా సగాన్ని పంజాతో మెల్లగా తట్టి వదిలేశాను. వదులుగా ఉన్న వైపు తొందరగా పెరుగుతుంది. నా వైపు ముందుకు పోయి, అక్క వైపు వెనకబడుతుంది. తాతయ్య చూసి, ఆడపొల్లకు పని రాదంటాడు. అంతే నా ఉపాయం. పొద్దుగూకేసరికి చారలన్నీ నా వైపు నుంచి అక్క వైపుకు జారిపోతున్నట్టు వాలాయి. నా కడుపు నిండిపోయింది.

తాతయ్య వచ్చి నేత మీద అరచేయి ఆనించి చూశాడు. "ఇదేందిర, ఇటు ఎక్కుతాంది, అటు దిగుతాంది. ఎవలు చేసిన్రు?"

ఇద్దరం ఒకరినొకరం వేలు పెట్టి చూపించుకున్నాం.

"మంచిది. ఊడదీయిన్రి."

"వంకర అక్క దిక్కే ఉన్నది తాతా. ఆమెనే ఊడదీయమను" అన్నాను.

"పోగు ఈ అంచు నుంచి ఆ అంచు దాక ఒక్కటే బిడ్డా. సగమే ఊడదీసుడు నాకు రాదు. నీకొస్తే జర నాకు నేర్పు."

కొట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. మర్నాడు పొద్దున్నుంచి నేను పోగు లాగుతుంటే అక్క ఉండ చుట్టింది. తాతయ్య సైకిల్ గోడకు ఆనించే ఉంది. సద్ది మూటలతో మత్తడికి పోయేవాళ్లు మా గడప ముందు ఆగి, మా పని చూసి, నవ్వుకుంటూ పోయారు. వాడంతా వచ్చి చూసిందన్న మాట ఆ మేరకు నిజం. నేను నేసిన పన్నెండడుగుల సంగతి మాత్రం ఇంతే: జానెడు, అందులో సగం, అదీ నేనే ఊడదీసింది. నేత పూర్తయ్యే నాటికి మత్తడి ఆగిపోయింది.

ఎనభైల చివరికి మా కవలలు ఏడేళ్లవాళ్లయ్యారు. పగ విషయంలో ఇద్దరూ అచ్చం నా పోలికే. పెద్దోడి చేతి మీద చిన్నోడి పళ్ల గుర్తు, చిన్నోడి చెవి మీద పెద్దోడి గోటి గుర్తు. చూడటానికి ఇద్దరూ ఒక్కలాగే ఉంటారు కాబట్టి, పెద్దోడికి జ్వరమొచ్చిన రోజు చేదు మందు చిన్నోడి గొంతులో పోశాను. తమ్ముణ్ణి తన మంచంలో పడుకోబెట్టింది పెద్దోడే అని తర్వాత తెలిసింది. దసరా సెలవుల్లో చిన్నోడి కొత్త చెప్పు వీధి మురుగు మోరీలో తేలింది. అప్పుడు నాకు తాతయ్య గుర్తొచ్చాడు. ఇద్దరినీ మగ్గం ముందు కూర్చోబెట్టి జానెడు నేత అప్పజెప్పాను. నేసేస్తే సినిమా అన్నాను. తొర్రూరులో కాపురముండే అక్క కూడా సెలవులకు వచ్చి, అరుగు మీద బియ్యం ఏరుకుంటోంది.

సాయంత్రం తాతయ్య మాటనూ గొంతునూ సిద్ధం చేసుకుని వచ్చాను. చారలు గీత గీసినంత తిన్నగా ఉన్నాయి. వేలు పెడితే దూరిపోయింది. ఇద్దరూ కూడబలుక్కుని రెండు వైపులా సమానంగా వదులుగా నేశారు.

"వంకర లేదు గద బాపూ. సినిమాకు నడువు" అన్నారు ఒకే గొంతుతో. తీసుకుపోక తప్పలేదు. ఆ జంపఖానాను ఎవరూ కొనలేదు. మా ఆవిడ ఇప్పటికీ దాని మీద మిరపకాయలు ఎండబెడుతుంది. పిల్లలు నేసిన అంచు దగ్గర గింజలన్నీ కిందికి రాలిపోతాయి.

పగలు మానేశానని అనను. ఎవరి మీదైనా కోపమొస్తే, ఆ మనిషికీ నాకూ మధ్య పోగు ఎక్కడ దాటుతోందో ఒకసారి వెతుకుతాను. చాలాసార్లు దొరుకుతుంది. అప్పుడు ఎంత కోపమున్నా దెబ్బ సమంగానే వేస్తాను. దొరకని రోజు మాత్రం నన్ను ఆపేవాళ్లు లేరు.

ఇదంతా రాసి, మొన్న వచ్చిన అక్కకు చదివి వినిపించాను. అచ్చయితే ఆ బావి సంగతి నలుగురికీ తెలుస్తుందని నా ఆశ. ఆమె చాయ్ తాగుతూ చివరిదాకా విన్నది.

"నువ్వు మెల్లగ తట్టుడు నాకు మొదటి పోగుకే ఎరికైంది" అన్నది. "నీ చేతి బలమెంత, నీ వదులెంత? గంత వంకర నీతోని అయితదా? నువ్వు ఒక్క దెబ్బ కొడితే నేను మూడు కొట్టిన, నిన్ను తాతతోని తిట్టియ్యాలని."

నేను కాగితాలు మడిచాను.

"పోరగాండ్లకు రెండు దిక్కుల వదులు చెయ్యిమని చెప్పిందెవలనుకున్నవ్?" అని గ్లాసు కింద పెట్టింది. "ఇంకోటి. నా రిబ్బను ఎర్రది గాదు, నీలిది. అదన్న సరిగ్గ రాయి."