మా ఆయన మడమ నొప్పి

ఈ మధ్య పొద్దున లేచి మంచం మీద నుంచి కాలు కింద పెట్టగానే మడమలో ఎవరో మేకు దించినట్టు నొప్పి వస్తోంది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది గానీ, కాసేపు కూర్చుని లేచానంటే మళ్లీ మొదటికొస్తుంది. మా అమ్మాయి ఊరుకోకుండా మదనపల్లెలో ఇప్పుడు నేనుంటున్న తన ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్కుకు తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల. అరికాలి కింద మడమ నుంచి వేళ్లదాకా పట్టీలాంటి పొర ఒకటి ఉంటుందని, అది దెబ్బతిన్నదని ఓపికగా చెప్పి, వ్యాయామం చూపించడానికి నా పాదం పట్టుకోబోయింది. అప్పటికే నా చేతులు వాటంతట అవే వెళ్లి కాలివేళ్లను వెనక్కి లాగి పట్టుకున్నాయి. ఇంతకుముందు కూడా వచ్చిందా అమ్మా అని అడిగింది ఆ పిల్ల. నాకు కాదు తల్లీ, మా ఆయనకు అన్నాను.

నాది కుప్పం దగ్గర గుడుపల్లె. వేరుశనగ, రాగి పండించే ఇంట్లో పుట్టి, పుంగనూరులో టిఫిన్ హోటల్ నడిపే ఇంటికి కోడలిగా వచ్చాను. హోటలంటే పెద్దదేమీ కాదు, బస్టాండు పక్క వీధిలో ముందు గదిలో బల్లలు, వెనక గదిలో పొయ్యి, ఆ వెనక మా కాపురం. మదనపల్లె నుంచి వచ్చే మొదటి బస్సుకు దోసె పెనం కాగి ఉండాలన్నది మా మామ పెట్టిన కట్టడి. ఆయన పోయాక అది మా ఆయన మీద పడింది. తెల్లవారకముందే పెనం ముందు నిలబడితే మధ్యాహ్నం దాకా నిలబడే ఉండేవాడు, నాపరాళ్ల మీద, ఉత్త కాళ్లతో. పొయ్యి దగ్గరికి చెప్పులతో పోవడం మా అత్త ఒప్పుకునేది కాదు. అన్నం పెట్టే చోటు గుడితో సమానమనేది. ఆ రోజుల్లో అందరి ఇళ్లలోనూ అంతే కదా, మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆయనకు మడమ నొప్పి ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు, చాలా రోజులు దాచిపెట్టాడు. పొద్దున పంపు దగ్గరికి మునివేళ్ల మీద నడుస్తూ పోవడం చూసి నేనే పట్టుకున్నాను. అత్త జిల్లేడాకులు కాల్చిన ఇటుక మీద పరిచి కాపడం పెట్టింది, నువ్వుల నూనె కాచి రుద్దింది. పుంగనూరులో డాక్టరు మడమలోకి సూది వేస్తే కొన్నాళ్లు హాయిగా ఉండి, హమ్మయ్య అనుకునేలోపే తిరగబెట్టింది. ఒక్కోరోజు దోసె తిప్పుతూ తిప్పుతూ పెదవి కొరుక్కుని గోడకు ఆనుకునేవాడు. స్టూలు వేసుకుని కూర్చుంటే పెనం అందేది కాదు. నేను పోయబోతే నా దోసె చట్నీలో ముంచేలోపే విరిగిపోయేది. వచ్చేవాళ్లు తగ్గారు. హోటల్ ఎవరికైనా ఇచ్చేసి ఏదైనా కూర్చునే పని వెతుక్కుంటానని ఆయన అన్న రోజు అత్త అన్నం ముట్టలేదు.

సూది వేసిన డాక్టరే, మళ్లీ మళ్లీ వేయడం మంచిది కాదని, కుప్పంలో ఒక ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే ఆవిడ ఉందని చెప్పి పంపాడు. హోటల్ మూసి పలమనేరు మీదుగా బస్సులు మారి వెళ్లాం. ఆవిడ ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో మడమ లోపలి అంచున ఒకచోట నొక్కేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈడే కదప్పా? ఇది దిగులుపడే రోగం కాదు, కానీ తొందరగా పొయ్యేది గూడా కాదు. అరికాలి కింద పట్టీ రాత్రంతా ముడుసుకోని ఉంటాది, నువ్వు లేస్తానే దాని మీద బరువేస్తాండావు. కాలు కింద పెట్టకముందే దాన్ని సాగదియ్యాల. ఉత్త కాళ్లతో బండల మీద నిలబడేది మానుకో."

వ్యాయామాలు ఆయనకు కాదు, నాకే నేర్పింది. వేళ్లను వెనక్కి లాగి పట్టుకోవడం, పిక్కలు సాగేలా గోడకు చేతులు ఆనించి నిలబెట్టడం, నీళ్ల సీసాను గడ్డకట్టించి అరికాలి కింద దొర్లించడం. ఫ్రిజ్ మాకు లేదు, ఎదురుగా సోడాలమ్మే ఆయన ఇంట్లో పెట్టించేవాళ్లం. మిగతావన్నీ సరేగానీ చెప్పుల మాట అత్తకు ఎలా చెప్పాలన్నదే బెంగ. నేను మెత్తటి రబ్బరు చెప్పులు కొత్తవి తెచ్చి, ఆయన పొయ్యి దగ్గర తప్ప ఇంకెక్కడా వేసుకోడని చెప్పి ఆమె ముందు పెట్టాను. అత్త లేచి వెళ్లి పసుపు తెచ్చి ఆ చెప్పులకు బొట్టు పెట్టింది.

"ఏసుకో నాయనా. నువ్వు నిలబడితేనే గదా పొయ్యి ఎలిగేది" అంది.

అప్పటి నుంచి మా పొద్దులు మారిపోయాయి. ఆయన మంచం దిగకముందే నేను కాళ్ల దగ్గర కూర్చుని పాదం ఒళ్లోకి తీసుకునేదాన్ని. వేళ్లు వెనక్కి లాగుతూ నొస్తాండాదా అని అడిగేదాన్ని, నొస్తాండాది అనేవాడు. పెళ్లయిన అన్నేళ్లలో మేమిద్దరం ఊరికే కూర్చుని మాట్లాడుకున్నది లేదు. ఆ కాసేపట్లోనే ఆయన చిన్నప్పటి కబుర్లు, నా గుడుపల్లె కబుర్లు అన్నీ బయటికొచ్చాయి. దాదాపు ఏడాది పట్టింది. ఒక పొద్దున నొస్తాండాదా అంటే లేదు అన్నాడు. నాకు సంతోషమే, అయినా ఇక ఆ కూర్చోవడం ఉండదేమోనని లోపల కాస్త వెలితిగా కూడా అనిపించింది. ఆయన మాత్రం పాదం వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు బాగా బతికాం. సాయంత్రాలు మదనపల్లె రోడ్డు మీద చింతచెట్ల దాకా నడిచొచ్చేవాళ్లం. అమ్మాయి చదువుకుని మదనపల్లెలో టీచరైంది. అత్త కాలం చేసింది. ఒకరోజు హోటల్ నిండా జనం ఉండగా మా ఆయన చేతిలో అట్లకాడ జారి కింద పడింది. వంగి తీసుకోబోయి అలాగే ఒరిగిపోయాడు. మదనపల్లెకు, అక్కడి నుంచి తిరుపతికి తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది గానీ ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చేది. నేను ఏడాదిపాటు ఒళ్లో పెట్టుకున్న పాదం అదే. గుండుసూదితో గీసినా తెలియడం లేదన్నారు డాక్టర్లు.

కాలు బిగుసుకుపోకుండా రోజూ వంచి సాగదీయమన్నారు. ఆ పని నాకు కొత్త కాదు. పొద్దునే కాళ్ల దగ్గర కూర్చుని వేళ్లు వెనక్కి లాగుతూ అలవాటుగా నొస్తాండాదా అని అడిగేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని ఎక్కడో వెతుక్కున్నట్టు వెతుక్కుని, తల అడ్డంగా ఊపేవాడు. ఏ నొప్పి పోవాలని ఎన్ని మొక్కులు మొక్కానో, ఆ నొప్పినే మళ్లీ ఇవ్వమని అన్నిసార్లూ మొక్కాను.

నెలల తర్వాత ఒక పొద్దున, నేను అడిగీ అడగకముందే, నొస్తాండాది అన్నాడు. నేను పాదం వదిలేసి ఆయన మొహం పట్టుకుని ఏడ్చాను. అమ్మాయికి ఫోన్ చేశాను, సోడాల ఆయనకు చెప్పాను, వీధిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. అప్పటి నుంచి రోజూ అదే జవాబు. నేను రోజూ కొంచెం ఎక్కువ సేపు కూర్చునేదాన్ని.

ఒకరోజు దుప్పటి సర్దుతూ, ఇంకా పాదం మీద చేయి వేయకముందే, మాటవరసకు నొస్తాండాదా అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. నా చేతులు ఎక్కడున్నాయో చూడలేదు.

"నొస్తాండాది" అన్నాడు.

నా చేతుల్లో ఇంకా దుప్పటే ఉంది. తర్వాత కూర్చుని, పాదం ఒళ్లోకి తీసుకుని, అయితే మంచిదే, తొందరగా లేస్తావులే అన్నాను. ఆయన పోయేదాకా నేను అడగడం మానలేదు, ఆయన చెప్పడం మానలేదు. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా హోటల్ ఉన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మదనపల్లెలో వీధికొక ఫిజియోథెరపీ క్లినిక్కు, ఇళ్లలో వంటగదికి వేరే చెప్పులు, ఎవరికీ అందులో వింతేమీ లేదు. వ్యాయామాలు ఫోన్లో చూసుకుని ఎవరికి వాళ్లే చేసుకుంటున్నారు, మంచిదే, దానికోసం బస్సులు మారి కుప్పం దాకా పోనక్కర్లేదు. అమ్మాయి స్కూలుకు పోయే తొందరలో ఉంటుంది గనుక నా వేళ్లు నేనే వెనక్కి లాగి పట్టుకుంటాను. అది కష్టమైన పనేమీ కాదు. కాకపోతే ఒకప్పుడు మా ఇంట్లో ఒక మడమ నొప్పి ఇద్దరిదిగా ఉండేది. ఇప్పుడు నా నొప్పి నాదొక్కదానిదే.