ఏడు తప్పుల తాఖీదు

పురపాలక కార్యాలయపు నకళ్ళ విభాగంలో ఇరవై తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న ఆ గుమాస్తాకు, తన మాట అంటూ ఒకటి కాగితం మీద పెట్టవలసిన అవసరం ఏనాడూ కలగలేదు. కార్యాలయం నుంచి వెలువడే ప్రతి ఉత్తర్వుకూ చేతిరాతతో శుద్ధప్రతి తీయడం, దానిని మూలంతో అక్షరం అక్షరం సరిచూడడం, అడుగున "మూలమునకు సరియైన నకలు" అని రాసి పొట్టి సంతకం చేయడం ఆయన ఉద్యోగం. మూలంలో తప్పు ఉంటే తప్పుతోనే దింపాలి, అది నిబంధన. అయితే అటువంటి అవసరం ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి వచ్చేది కాదు. వచ్చిన రోజున మాత్రం ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన అక్కతో కలిసి ఒక మేడమీది రెండు గదుల్లో ఉండేవారు. ఇంట్లో మాట్లాడే బాధ్యత అక్కది, వినే బాధ్యత ఆయనది.

ఒకనాడు ఆయన కిటికీ ముందుకు ఒక టైలరమ్మ వచ్చి, కార్యాలయం వారి పాత తూకాల షెడ్డును ఆదివారాలు వాడుకోవడానికి తమ సంఘానికి ఇచ్చిన అనుమతి పత్రానికి నకలు కావాలన్నది. ఆయన ఉత్తర్వు చదివి, కళ్ళజోడు పైనుంచి చూశారు.

"నాటకాల సంఘమా అమ్మా?"

"నాటకం కాదండీ. నాటకానికి చూసేవాళ్ళుంటారు, ఇందులో అందరూ ఆడేవాళ్ళే. ఎవరికి ఏ వేషమో ముందు చెప్పేస్తాం. మాటలు మాత్రం ఎవరివి వాళ్ళే అప్పటికప్పుడు పుట్టించుకోవాలి. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దుగూకేదాకా రాజ్యం నడుస్తుంది. కొలువు అంటాం దాన్ని."

"నాకైతే మాటలు పుట్టవమ్మా."

"ఉత్తరాలు పుడతాయా? మా రాజ్యానికి అదే లోటు. మొన్న యుద్ధం ప్రకటించడానికి కాగితం లేక మా డ్రైవరుగారు సిగరెట్టు పెట్టె వెనకాల రాశారు. అటువైపు రాజుకి కోపమొచ్చింది, యుద్ధానికి కాదు, పెట్టెకి."

ఆయన నవ్వలేదు గాని, ఆ ఆదివారం వెళ్ళారు. తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి చూశారు. పళ్ళ ఆసుపత్రిలో పనిచేసే నర్సు రాణిగా ఎత్తు పీట మీద కూర్చుని ఉన్నది. ఊళ్ళో పదకొండో నంబరు బస్సు నడిపే డ్రైవరు దూతగా ఆమె ముందు మోకాలి మీద వంగి ఉన్నాడు. కొందరు వర్తకులు, కొందరు సైనికులు, ఒకరు రాజద్రోహి. నడిపేది టైలరమ్మ. ఇంటికి వచ్చి ఆయన ఒక తెల్లకాగితం తీసి, సరిహద్దు గ్రామాల పన్ను మాఫీ గురించి రాణిగారి పేర ఒక ఫర్మానా రాశారు. ఎవరి మూలానికీ నకలు కాని మొదటి వాక్యం ఆయన చేతినుంచి యాభై నాలుగో ఏట వెలువడింది. రాసిన తరువాత అలవాటు చొప్పున పక్కన మూలం కోసం చేయి చాచారు. అక్కడ ఏమీ లేదు.

ఆ విధంగా ఆయన మహామంత్రి అయ్యారు. షెడ్డు తలుపు పక్కన ఒక అర్జీల పెట్టె అమర్చారు. రాజ్యానికి వచ్చే ఉత్తరాలన్నీ అందులో పడాలి, కొలువు మొదట్లో రాణి వాటిని పైకి చదవాలి, మంత్రి జవాబు రాయాలి, దూత ఆ జవాబును చిరునామా ప్రకారం ముట్టజెప్పాలి. కొలువు నడుస్తుండగా వేషం వదిలి మాట్లాడరాదు. నిజంగా అవసరం పడితే "తెర" అని అరవాలి. ఆ మాట వినగానే అందరూ మామూలు మనుషులు కావాలి. ఒకసారి నర్సుకు కాలు మెలికపడినప్పుడు తప్ప ఆ మాట ఎవరికీ అవసరపడలేదు.

తాఖీదులు, అభ్యంతరాలు, సంజాయిషీలు, సంధి పత్రాలు: ఆయన కలం నుంచి పుట్టిన ప్రతి కాగితమూ ఒక కొత్త తగాదాను లేవదీసేది. ఆ తగాదాల కోసమే మనుషులు వచ్చారు. తొమ్మిది మందితో మొదలైన రాజ్యం నాలుగేళ్ళలో నలభై ముగ్గురికి పెరిగింది. పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చేవారు. ఆయన పదకొండో నంబరు బస్సు ఎక్కినప్పుడు డ్రైవరు అద్దంలో చూసి, "మహామంత్రివారు దయచేశారు, కాస్త సర్దుకోండమ్మా" అని ప్రయాణికులకు చెప్పేవాడు.

"ఏరా, మీ రాణి నిన్ను భోజనానికి వదుల్తుందా, అక్కడికే పల్లకీలో అన్నం పంపించమంటావా?" అని అక్క ఎగతాళి చేసేది. "ఇరవై ఏళ్ళకి రావలసిన పిచ్చి యాభై దాటాక వచ్చింది నీకు. ఆలస్యంగా వచ్చింది, గట్టిగా పట్టుకుంది."

"ఎందుకొచ్చిన మాటలక్కా" అనేవారు. కాని ఆదివారపు చొక్కా ఇస్త్రీ చేసిపెట్టేది ఆవిడే.

టైలరమ్మ ఒకనాడు ఆయనను కవ్వించింది. "ఎప్పుడూ మీరేనా? ఒకరోజు నేనూ రాసి పెట్టెలో పడేస్తా, అచ్చం ఆఫీసు ఉత్తరంలాగా. కనిపెట్టండి చూద్దాం."

ఇది జరిగిన మూడో వారమే పెట్టెలో ఆ కాగితం కనిపించింది. రాణి పైకి చదివింది. తూకాల షెడ్డు వాడకపు అనుమతి ముగియవచ్చినదనీ, కొనసాగింపు కోరువారు పదిహేను రోజులలోగా దరఖాస్తు చేసుకోవాలనీ, లేనిచో ఖాళీ చేయవలసి ఉంటుందనీ దాని సారాంశం. కొలువులో గగ్గోలు పుట్టింది. "ఎవడీ దండయాత్ర?" అని సైనికులు చెక్క కత్తులు దూశారు. కాగితం మంత్రి చేతికి వచ్చింది.

ఆయన చూశారు. "విషయము" అనే శీర్షిక "సూచిక" కింద ఉన్నది, పైన ఉండవలసింది. సంఖ్య ఉన్నది, తేదీ లేదు. "పురపాలక" అనే మాటలో ఒక అక్షరం ఎగిరిపోయింది. ముద్ర మసకగా, తలకిందులుగా పడింది. మొత్తం ఏడు తప్పులు. ఆస్తుల విభాగం నుంచి వచ్చే ఉత్తర్వులు ముప్పై ఏళ్ళకు పైగా ఆయన చేతిమీదుగా పోతున్నాయి; ఇటువంటి గడువు నోటీసులు మాత్రం నకళ్ళ విభాగానికి రాకుండా నేరుగా వెళ్ళేవి. ఆ విభాగపు పాత పర్యవేక్షకుడు కామా కోసం కాగితం చింపేసే మనిషి. ఆయన ఆ నెలలోనే పదవీ విరమణ చేశారన్నది గుమాస్తాకు తెలుసు. ఆ కుర్చీలోకి వచ్చిన కొత్త అధికారిణి ఎలా రాస్తుందో మాత్రం తెలియదు. ఆ ఆలోచనే ఆయనకు తట్టలేదు. నిజమైన ఉత్తర్వులో ఇన్ని తప్పులు ఉండవు కనుక ఇది నిజమైనది కాదు అనుకున్నారు. టైలరమ్మ వైపు చూసి చిన్నగా తల ఊపారు. ఆ పనితనం ఆయనదేనేమో అనుకుని ఆమె కూడా మెచ్చుకోలుగా తల ఊపింది.

మంత్రి ఎర్ర సిరా కలం తెప్పించుకున్నారు. ఏడు తప్పులనూ చుట్టి, పక్కన సరైన రూపాలు రాశారు. ఆ కాగితం వెనకవైపే, రాజముద్ర వేసి, జవాబు ఈ విధంగా ఇచ్చారు: "తమరు పంపిన తాఖీదు పరిశీలించబడినది. ఇందు ఏడు దోషములు కలవు. దోషభూయిష్టమైన ఉత్తర్వును స్వీకరించు ఆచారము ఈ రాజ్యమునందు లేదు. సరిదిద్ది మరల పంపినచో కొలువువారు ఆలోచింపగలరు." కొలువంతా చప్పట్లు చరిచింది. దూత దానిని జేబులో పెట్టుకున్నాడు. చిరునామా ప్రకారం ముట్టజెప్పడం దూత ధర్మం. మరునాడు పదకొండో నంబరు బస్సు పురపాలక కార్యాలయం ముందు ఆగినప్పుడు, ఆట రక్తికట్టడానికి ఇదీ ఒక ముచ్చటే అనుకుని, దిగి, జవాబుల పెట్టెలో వేశాడు.

ఇరవై రోజుల తరువాత, ఒక మంగళవారం ఉదయం, ఆ దస్త్రం గుమాస్తా బల్లమీదికి నకలు కోసం వచ్చింది. తూకాల షెడ్డు అనుమతి రద్దు. కారణం: సంఘంవారు దరఖాస్తు చేయకపోగా, కార్యాలయాన్ని అవహేళన చేస్తూ ప్రత్యుత్తరం పంపడం. అనుబంధంగా ఆ ప్రత్యుత్తరం జతపరచబడింది.

తన చేతిరాతను ఆయన గుర్తుపట్టారు. చాలాసేపు కలం ముట్టలేదు. పక్క బల్ల గుమాస్తా, "ఏంటండీ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే వినిపించలేదు. అనుబంధాలకు కూడా నకలు తీయాలి, అది నిబంధన. ఆయన తన జవాబును పదం పదం దింపారు. రాజముద్ర ఉన్నచోట "ఇచ్చట ముద్ర" అనీ, చుట్టిన తప్పుల దగ్గర "ఎర్ర సిరాతో" అనీ రాశారు. అడుగున "మూలమునకు సరియైన నకలు" అని రాసి సంతకం చేశారు.

ఆ ఆదివారం కొలువు మధ్యలో ఆయన లేచి, "రాణీ, ఈ రాజ్యం నావల్ల పోయింది" అన్నారు.

"ఆహా!" అన్నాడు ఒక వర్తకుడు. "మంత్రిగారు ఇవాళ విజృంభించారు."

"ద్రోహి దొరికాడు, బంధించండి!" అని సైనికులు నవ్వుతూ చుట్టుముట్టారు. ఆయన ఎంత చెబితే అంత బాగా చేస్తున్నారని మెచ్చుకున్నారు. కళ్ళనీళ్ళు చూసి ఎవరో ఈల వేశారు. చివరకు ఆయన రెండు చేతులూ పైకెత్తి "తెర" అని అరవవలసి వచ్చింది.

సైనికులు కత్తులు దించారు. ఆయన జేబులోంచి నకలు తీసి టైలరమ్మకు ఇచ్చారు. ఆమె చదివింది.

"నేను రాయలేదండీ ఇది. మీరు రాశారనుకున్నా."

"నువ్వనుకున్నానమ్మా."

"తీసుకెళ్ళి ఇచ్చింది నేనే కదండీ" అన్నాడు డ్రైవరు నెమ్మదిగా. "నా బుద్ధి గడ్డి తిన్నది."

ఎవరూ ఆయనను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత తేలికపడేవారు.

ఆయన ఆస్తుల విభాగానికి వెళ్ళారు. కొత్త అధికారిణి ఆయనకంటే పాతికేళ్ళు చిన్నది. తన పేరుతో, తన తరఫున, జీవితంలో మొదటిసారి రాసుకున్న దరఖాస్తును ఆమె ముందు పెట్టారు. ఆమె రెండుసార్లు చదివింది.

"ఎంత బాగా రాశారండీ. ఇందులో సగం రాసినా సరిపోయేది అప్పుడు. కొనసాగించమని ఒక్క ముక్క. కళ్ళు మూసుకుని సంతకం పెట్టేదాన్ని."

"పొరపాటైందమ్మా. ఆట అనుకున్నాను."

"నా ఉద్యోగంలో అది మొదటి ఉత్తరం. బంట్రోతు మీ తలుపు పక్క పెట్టెలో వేసొచ్చాడు. ఎర్ర సిరాతో దిద్ది వెనక్కొస్తే సెక్షనంతా చుట్టూ చేరి చదివారు." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉన్నది. "షెడ్డు ఇచ్చేశామండీ, విరిగిన బల్లలు పెట్టుకోవడానికి. ఇంక నా చేతిలో లేదు."

కొలువు టైలరమ్మ దుకాణపు వెనక గదిలోకి మారింది. కుట్టుమిషన్ల మధ్య పదిహేను మంది పట్టేవారు. మొదటి వారం పద్నాలుగు మంది వచ్చారు. అర్జీల పెట్టెను మిషను మీద పెట్టారు. రాణి ఒక ఉత్తరం తీసి విప్పింది, చదవబోయి ఆగింది.

"ఇది ఆటదేనా అండీ?" అని మామూలు గొంతుతో అడిగింది.

"ఆటదేనమ్మా, నేనే రాశాను" అన్నారు ఆయన.

అడగడం ఆమె తప్పు కాదు. కాని ఆనాటి నుంచి ప్రతి కాగితానికీ ఎవరో ఒకరు అదే ప్రశ్న వేసేవారు. ఆయన ప్రతిసారీ జవాబు చెప్పేవారు. ఆటదేనని చెప్పి తెరిచిన ఉత్తరానికి కోపగించే రాజు ఉండడు, భయపడే వర్తకుడు ఉండడు. మనుషులు ఏడుగురయ్యారు, తరువాత నలుగురు. డ్రైవరు ఆదివారపు డ్యూటీ అడిగి వేయించుకున్నాడని తెలిసింది. నర్సు, "వచ్చే వారం చూస్తానండీ" అని మూడు వారాలు చెప్పి, తరువాత చెప్పడం మానేసింది. బస్సులో ఆయన ఎక్కినప్పుడు డ్రైవరు అద్దంలో చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పుకునేవాడు.

అక్క ఎగతాళి మానేసింది. "పోనీ ఇంట్లోనే ఏదైనా రాసుకోరా, నేను చదువుతా" అన్నది ఒకరోజు. ఆయన కాగితం ముందు కూర్చున్నారు. ఒక్క వాక్యం రాలేదు.

వర్షాలు వెలిసిన తరువాతి ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన దుకాణానికి వెళ్ళారు. వెనక గది తలుపుకు బట్టల మూటలు అడ్డంగా ఉన్నాయి. టైలరమ్మ లేదు. ఆమె కొత్త కోడలు కత్తెర పక్కన పెట్టి లేచింది. ఆ అమ్మాయి ఆయనను అంతకుముందు చూడలేదు.

"అత్తయ్య బట్టలివ్వడానికి వెళ్ళారండీ, సాయంత్రానికి గాని రారు. మీకు చొక్కానా, ప్యాంటా?"

ఆయన ఎందుకు వచ్చిందీ చెప్పబోయారు. ఏ రాజ్యమనీ, ఏ మంత్రి అనీ ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. ఇంకెవరైనా వచ్చారా అని అడగడానికి ముఖం చెల్లలేదు.

"చొక్కా అమ్మా" అన్నారు.

"ఇలా వెలుతుర్లోకి రండి బాబాయిగారూ. చేతులు కాస్త ఎత్తండి."

ఆయన చేతులు ఎత్తి నిలబడ్డారు. అమ్మాయి ఛాతీ చుట్టూ టేపు తిప్పి, కొలత పైకి చదివి, పుస్తకంలో రాసుకున్నది.