మొదటి చేప

దివిసీమలో మా ఊరి పక్క మడుగులో గాలం వేసే ఆయనకు ఒక అలవాటుండేది. మొదట పడిన చేపను కళ్లకద్దుకుని, "తల్లీ, ఇది నీది. తర్వాతది నాది," అని గంగమ్మ పేర నీళ్లలోకి వదిలేసేవాడు.

తొంభైల చివర్లో రొయ్యల చెరువుల మురుగు ఆ మడుగులోకి మళ్లింది. ఎండలు ముదరకముందే చేపలు చచ్చి తెల్లగా తేలాయి. ఆ తర్వాత గాలానికి రోజుకొకటి పడితే గొప్ప. ఆ ఒక్కటీ ఆయన వదిలేసేవాడు. ఇంట్లో భార్య టైఫాయిడ్‌తో చిక్కి శల్యమై, ఇంత కొరమేను పులుసు కోసం ఎదురుచూస్తోంది.

బడిలో పాఠాలు చెబుతూ, మూఢనమ్మకాల మీద పత్రికలకు రాసే నాకు ఒళ్లు మండిపోయేది.

"మడుగును చంపింది రొయ్యల ఆసామి. అతన్ని నిలదీయకుండా గంగమ్మకు లంచమేంటి బాబాయ్? పిన్నికి లేని చేప దేవతకెందుకు?"

"మీకేం మాస్టారూ, ఎన్నయినా చెప్తారు. మొదటిది ఇస్తేనే కదండీ రెండోది వచ్చేది!"

ఒక సాయంత్రం జానెడు కొరమేను పడింది. ఆయన దాన్ని కళ్లకద్దుకోలేదు. నేరుగా బుట్టలో వేసుకున్నాడు. ఇన్నాళ్లకు నా వాదం గెలిచిందని పొంగిపోయాను.

"భేష్ బాబాయ్! మొత్తానికి ఆ మూఢనమ్మకం వదిలావు."

ఆయన గాలం తాడు కర్రకు చుట్టేస్తూ, నావైపు చూడకుండానే అన్నాడు. "రెండోది ఇంక రాదండీ."

గంగమ్మ లేదని నేను ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. ఆయన మాత్రం మర్నాడే ఆ ఆసామి రొయ్యల చెరువు గట్టున కాపలాకు కుదిరాడు.