చివరి కండెన్సరు

తొంభైల నాటి మాట. గుడియాత్తంలో తాపీపని చేసే నేను సొంతంగా రేడియో తయారుచేసుకుంటున్నాను. స్టేషన్లు తిప్పే కండెన్సరు ఒక్కటే తక్కువ. దానికోసం వేలూరులో రేడియో సామాన్ల అంగడికి పోతే, కంప్యూటర్లు సొంతంగా బిగించుకునే మోజు పుణ్యమా అని లోపల కాలు పెట్టే చోటు లేదు. అందరి జేబుల్లోనూ స్క్రూడ్రైవర్లే, ఒక్కడికీ వైరు పైతొక్క ఒలవడం రాదు!

బీరువాలో ఒకే కండెన్సరు మిగిలింది. నా వంతు వచ్చేలోగా ఎవరూ కొనకుండా బెదరగొడదామని, "దాన్ని ముట్టుకోవద్దండప్పా! మా పక్కింటాయన బిగిస్తే లండన్ వార్తలు ఆయన నోట్లో పండ్లల్లో వినబడినాయి" అన్నాను.

"నిజంగానా అన్నా? అయితే నాకే కావాల!" అంటూ కళ్లద్దాల కాలేజీ బాబు ఒకడు కొనేశాడు.

అంగడాయన నవ్వి, "నువ్వు దినామూ వచ్చి కత చెప్పప్పా, సరుకంతా అమ్ముడుపోతాది" అన్నాడు.

మరుసటి వారం ఆ బాబు బస్టాండులో కనిపించాడు. ఇంట్లో నా రేడియో మూగగా పడి ఉంటే, ఆయనగారు ఆ కండెన్సరుకు స్కూటరు తాళంచెవి తగిలించుకుని వేలిమీద తిప్పుకుంటున్నాడు! గొప్పకోసం కొనేవాడికి అబద్ధం చెబితే ఆశ పెరుగుతుందే గానీ భయం పుట్టదని ఆనాడు తెలిసింది.