మనసుతో లాగడం

అనకాపల్లి బస్టాండులో ఆ పెద్దావిడ నా పక్కన కూర్చోగానే బ్యాగు ఒళ్ళోకి లాక్కున్నాను. మా ఆయన చేపల వేటకెళ్ళిన బోటు గాలివానలో చిక్కుకుంది. నిన్నటి నుంచి కబురు లేదు. ఫోను చేతిలో పట్టుకుని ఏడుపు ఆపుకుంటున్నాను.

“మీ ఆయన సముద్రం మీదున్నాడా తల్లీ?” అంది.

ఈవిడకెలా తెలిసింది? తాయెత్తులమ్మే మనిషేమో అనుకుని మొహం తిప్పుకున్నాను.

“సెడ్డది తలుసుకోకు. కళ్ళు మూసుకుని ఆయన్ని మనసుతో ఒడ్డుకి లాగు.”

“నాకేటీ అక్కర్లేదమ్మా,” అన్నాను.

ఆవిడ నా ఫోను మీద అరచెయ్యి పెట్టింది. లాక్కుపోతుందని భయం వేసింది. అయినా ఎందుకో ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను. ఆ చేతి కిందే ఫోను మోగింది.

“ఒడ్డుకొచ్చేసేమే,” అన్నాడు మా ఆయన.

నాకు ఏడుపుతో పాటు అనుమానమూ వచ్చింది. ఫోను పెట్టేసి, “నీకు ముందే ఎవరో సెప్పేరు కదూ?” అని ఆవిడని నిలదీశాను.

“నాకెవురు సెప్తారమ్మా? మా ఆయన వేటకెళ్ళి కబురు లేనప్పుడు నేనూ ఇలాగే లాగేను.”

“వచ్చేడా?”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “రాలేదు తల్లీ. నీవోడొచ్చేడు కదా, ఇంటికెళ్ళి అన్నం వండు,” అని లేచి, కదులుతున్న సబ్బవరం బస్సు ఎక్కేసింది.

పేరైనా అడగలేదు. ఇప్పుడు బోట్లు ఆలస్యమైన రోజుల్లో, మా ఆయన ఇంట్లోనే ఉన్నా, ఎవరెవరి మగవాళ్ళ కోసమో కళ్ళు మూసుకుంటాను.